పాత కారుకు కొత్త కమాను

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భమున జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని మాట్లాడుతున్నదంటే పాఠశాల 75 సంవత్సరాల చరిత్ర చెబుతుందని మీరు అనుకొని ఉంటారు. ఆ చరిత్రను నాకంటె బాగా ఎరిగిన పెద్దలు జూబిలీ సంచికలో వ్రాస్తున్నారు. నేను ఈ బడిలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయినిగా అడుగు పెట్టినదాన్ని. కావున నాకు చేతనైన పని, అనగా ఒక పాఠం చెప్పడం, ఈ నాడు కూడా చేస్తాను. పాఠం పేరు కమాను. లారీల క్రింద పట్టీల కట్టవలె కనిపించే కమాను సంగతే నేను చెప్పబోయేది.

కొన్ని మాసాల క్రిందట ఇంగ్లండు నుండి నాకొక ఉత్తరం వచ్చింది. వ్రాసినవాడు మన బడిలో 10వ తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివిన విద్యార్థి. అతడు 1968లో తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత స్పోర్ట్స్ కారును కొని, సెలవు దినాలలో తన చేతులతోనే బాగుచేసుకుంటున్నాడు. “టీచర్‌గారూ! కారు వెనుక భాగం కుంగిపోయింది. కమాను మార్చక తప్పదు. నా ముందు మూడు మార్గాలున్నాయి. మొదటిది, పాత కొలతలతోనే చేసిన కొత్త కమాను. రెండవది, పందెపు కార్లకు వాడే గట్టి కమాను. మూడవది, మన చెన్నపట్నం పుదుపేటలో దొరికే స్టాండర్డ్ హెరాల్డ్ కమాను. అది దీనికి అన్నవంటిదే కదా! చవకగా వస్తుందంటున్నారు. మీరు 9వ తరగతిలో హుక్ నియమం చెబుతూ మీ నాన్నగారి హెరాల్డు కారు ముచ్చట చెప్పారు. అది నాకు సగమే గుర్తున్నది. ఏది కొనమంటారు? కారు సిద్ధమైతే ప్రక్క సీటులో కూర్చుంటానని మా అమ్మాయి రోజూ అడుగుతున్నది” అని వ్రాశాడు.

అతనికి గుర్తులేని ఆ సగమే ముఖ్యమైనది. అతనికి వ్రాసిన జవాబునే ఇక్కడ కొంచెం విస్తరించి చెబుతాను.

ముందుగా ఈ రెండు కార్ల చుట్టరికం తెలియాలి. 1959లో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరమున స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ ట్రయంఫ్ హెరాల్డ్ అనే చిన్న కారును విడుదల చేసింది. దాని రూపాన్ని తీర్చినవాడు ఇటలీ దేశీయుడైన జొవాన్ని మికెలొట్టి. ఆ కారు చట్రాన్నే ఆధారంగా తీసుకొని, పొడవు తగ్గించి, పైన ఇద్దరు మాత్రమే కూర్చొనే తేలికైన శరీరాన్ని అమర్చి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును తెచ్చారు. ముందు వెనుక చక్రాల నడిమి దూరం హెరాల్డుకు 91.5 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌కు 83 అంగుళాలు. స్పిట్‌ఫైర్ 1980 వరకు తయారయింది. హెరాల్డు మాత్రం మన మద్రాసుకు వచ్చింది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1961 నుండి దానిని ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డ్ అనే పేరుతో తయారు చేసింది. మన పూర్వ విద్యార్థులలో ఆ కారు ఎక్కి బడికి వచ్చినవారు కూడా ఈ సభలో ఉండవచ్చు.

ఈ రెండు కార్ల వెనుక చక్రాల అమరికలో ఒక విశేషం కలదు. లారీలోనూ అంబాసిడర్ కారులోనూ వెనుక ఇరుసుకు రెండు ప్రక్కల రెండు కమాను కట్టలు బండి పొడవు వెంట ఉంటాయి. హెరాల్డు, స్పిట్‌ఫైర్‌లలో ఒకే ఒక్క కట్ట బండికి అడ్డంగా, బోర్లించిన విల్లువలె ఉంటుంది. దాని నడుమును డిఫరెన్షియల్ పెట్టె నెత్తిన బిగిస్తారు. దాని రెండు కొనలు చెరొక చక్రాన్ని పట్టి ఉంటాయి. చక్రాన్ని త్రిప్పే అర ఇరుసుకు డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే కీలు ఉన్నది. అందువలన చక్రం పైకి క్రిందికి కదిలినప్పుడు, కీలు మీద తిరిగే తలుపువలె, చాపం వెంట కదులుతుంది. ఆ కదలికతో పాటు చక్రం నిలువుదనం కూడా మారిపోతుంది. కారు వెనుక భాగం కుంగితే చక్రాల తలలు లోపలికి, అడుగులు వెలుపలికి వాలుతాయి. వెనుక భాగం లేస్తే అడుగులు లోపలికి వస్తాయి.

మన 9వ తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఒకటి చెబుతాను. కీలు నుండి చక్రానికి దూరం సుమారు 20 అంగుళాలనుకుందాం. కారు వెనుక భాగం 1 అంగుళం పైకి లేస్తే చక్రం వాలు దాదాపు 3 డిగ్రీలు మారుతుంది. ఒక్క అంగుళమే కదా అని మనం అనుకుంటాం. కాని రోడ్డును పట్టుకొని ఉన్న టైరుకు 3 డిగ్రీలు చాలా పెద్ద మాట.

ఇక మా నాన్నగారి కథ. ఆయన 1981లో ఒక పాత హెరాల్డు కొన్నారు. అది 1960లలో తయారైనది. కొన్నేళ్ళ బరువుకు దాని కమాను అణగి, వెనుక చక్రాలు కాళ్ళు చాచి నిలిచినట్లుండేవి. టైర్ల లోపలి అంచులు త్వరగా అరిగిపోయేవి. 1984లో ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్ళదలచి, నాన్నగారు కారును ఒక కర్ఖానాకు తీసుకువెళ్ళారు. అక్కడివారు చూసి, “కమాను బలం పోయిందండీ. ఇంకొక పట్టీ ఎక్కిస్తే ఏనుగునైనా మోస్తుంది” అన్నారు. పట్టీ ఎక్కించారు. కారు వెనుక భాగం ఠీవిగా లేచి నిలిచింది. మాకందరికీ ఎంతో ఆనందం కలిగింది.

వెళ్ళేటప్పుడు ఆరుగురము, సామాను. కారు చక్కగా నడిచింది. తిరుగు ప్రయాణంలో అమ్మ, తక్కినవారు తిరుపతిలో బంధువుల ఇంట ఆగిపోగా, నాన్నగారు, అన్నయ్య, నేను మాత్రమే బయలుదేరాము. సామాను కూడా లేదు. నగరి దాటిన తరువాత చిన్న జల్లు పడింది. ఒక మలుపులో ఎదురుగా ఎడ్లబండి కనిపించి నాన్నగారు యాక్సిలరేటరు మీది నుండి కాలు తీశారు. అంతే. కారు వెనుక భాగం ఎవరో క్రింది నుండి ఎత్తినట్లు పైకి లేచింది. మరుక్షణం మేము వెనుకకు తిరిగి రోడ్డు ప్రక్కనున్న గుంటలో ఉన్నాము. నాన్నగారి మెడ ఎముక విరిగి ఆరు వారాలు మంచం పట్టారు. అన్నయ్యకు, నాకు గీతలతో పోయింది. ఆ తరువాత చాలా కాలం ఆయన ఒకే మాట అంటూ ఉండేవారు: “బరువు మోస్తుందన్నారు. బరువు లేనప్పుడు ఏమవుతుందని నేను అడగలేదు.”

ఏమయినది? మలుపులో బండి బరువు బయటి వైపు చక్రం మీదికి వస్తుంది. రోడ్డు ఆ చక్రం అడుగును లోపలికి నెడుతుంది. కీలు ఎత్తున ఉన్నందువలన ఆ నెట్టుడు కారు వెనుక భాగాన్ని పైకి ఎత్తుతుంది. పైకి లేచినకొద్దీ చక్రం అడుగు మరింత లోపలికి మడుచుకొంటుంది. మడుచుకొన్నకొద్దీ కారు మరింత లేస్తుంది. యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకు మళ్ళి, వెనుక భాగం ఇంకా తేలికవుతుంది. చక్రాలు మొదటనే ఎత్తుగా, అడుగులు లోపలికి ఉన్న కారు ఈ ప్రమాదపు అంచున సిద్ధంగా నిలిచి ఉన్నట్లే. కుంగిపోయిన పాత కమానుతో టైర్లు అరిగేవేగాని, ఈ ఒక్క విషయంలో మేము మరింత క్షేమంగా ఉండేవాళ్ళము. ఆ సంగతి నాకు బి.ఇడి. ముగించి పాఠాలు చెప్పే రోజులలోగాని బోధపడలేదు.

ఇటువంటి అమరికకు ఇటువంటి దోషం ఉన్నదని లోకానికి తెలియకపోలేదు. అమెరికాలో 1960 నుండి 1963 వరకు వచ్చిన షెవ్రోలే కోర్వెయిర్ కారుకు ఈ జాతి వెనుక ఇరుసే ఉండేది. ఆ కార్లను గూర్చి రాల్ఫ్ నేడర్ 1965లో ప్రచురించిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ గ్రంథంలో మొదటి అధ్యాయమే వ్రాశాడు. ట్రయంఫ్ వారు 1970లో స్పిట్‌ఫైర్ మార్క్ 4లో మార్పు చేశారు. అడుగు పట్టీని మాత్రమే డిఫరెన్షియల్‌కు గట్టిగా బిగించి, మిగిలిన పట్టీలు నడుము దగ్గర ఇటూ అటూ ఊగేటట్లు అమర్చారు. కట్టలో ఒక పట్టీని తగ్గించారు కూడా. మన మద్రాసు సంస్థ 1972లో తెచ్చిన గెజెల్ కారులో ఈ అమరికనే విడిచి, మామూలు ఏక ఇరుసుకు మళ్ళింది. ఇందులో గమనించవలసినది ఒకటి కలదు. తయారుచేసినవారు దోషాన్ని దిద్దడానికి పట్టీని చేర్చలేదు, తగ్గించారు.

ఇప్పుడు పాఠంలోని అసలు సూత్రానికి వద్దాం. కుంగిన కమానును చూసిన ప్రతివారూ “బలం పోయింది” అంటారు. అది నిజమా? రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమం ప్రకారం, స్థితిస్థాపక అవధిలో స్ప్రింగు సాగుదల దాని మీది బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఎంత బరువుకు ఎంత అణగుతుందో తెలిపే సంఖ్యను స్ప్రింగు స్థిరాంకం అంటాము. అది ఉక్కు గుణం మీద, పట్టీల వెడల్పు, మందం, పొడవు, సంఖ్యల మీద ఆధారపడి ఉంటుంది. కమాను ఏళ్ళ తరబడి మోసి మోసి కుంగినప్పుడు ఈ కొలతలేవీ మారవు, తుప్పు తిని పలుచబడితే తప్ప. మారినది దాని సహజమైన వంపు ఒక్కటే. నేను తరగతిలో పెన్నులోని స్ప్రింగును గట్టిగా లాగి, పొడవు పెరిగిన తరువాత మరల బరువులు వ్రేలాడదీసి చూపేదాన్ని. పొడవు మారినా, ప్రతి బరువుకూ సాగే సాగుదల ఇంచుమించు పాతదే. పిల్లలు ప్రతి సంవత్సరం ఆశ్చర్యపోయేవారు.

కాబట్టి ఎత్తు వేరు, గట్టిదనం వేరు. పోయినది ఎత్తు. నాన్నగారికి ఇచ్చినది గట్టిదనం. 6 పట్టీల కట్టకు అటువంటిదే మరొక పూర్తి పట్టీ చేర్చితే గట్టిదనం ఆరవ వంతు పెరుగుతుంది. పాత కట్ట ఒక బరువుకు 6 అంగుళాలు అణిగేదైతే, కొత్త కట్ట సుమారు 5.1 అంగుళాలే అణుగుతుంది. అనగా కారు దాదాపు 0.9 అంగుళం ఎక్కువ ఎత్తున నిలుస్తుంది. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం చక్రం వాలు రెండున్నర డిగ్రీలు మారుతుంది. గట్టిదనం పెరగడం వలన మలుపులో వెనుక చక్రాల పట్టు కూడా తగ్గుతుంది. పట్టీ మందం విషయం మరీ చిత్రం. గట్టిదనం మందం ఘనాన్ని అనుసరిస్తుంది. మందం పదవ వంతు పెంచితే గట్టిదనం మూడవ వంతు పెరుగుతుంది. మందం రెండింతలైతే గట్టిదనం ఎనిమిదింతలు. కంటికి ఒకేలా కనిపించే రెండు కమానులు గుణంలో ఎంత దూరమో దీనిని బట్టి ఊహించండి.

ఎత్తు మాత్రమే మారినా ఏమవుతుందో చెప్పడానికి మరొక ఉదాహరణ. ఎం.జి.బి. అనే ప్రసిద్ధమైన ఆంగ్ల స్పోర్ట్స్ కారును 1974లో అమెరికా నిబంధనల కోసం దాదాపు ఒక అంగుళం ఎత్తు చేశారు. దానికి వెనుక ఉన్నవి ఏక ఇరుసు, పొడవు కమానులే. అయినప్పటికీ మలుపులలో ఆ కారు నడత చెడిందని వాడినవారందరూ గుర్తించారు. కొన్ని సంవత్సరాల తరువాత యాంటీ-రోల్ బార్లు అమర్చి దానిని కొంతవరకు సరిదిద్దవలసి వచ్చింది.

ఇంత చెప్పిన మీదట నా విద్యార్థికి నేను వ్రాసిన సలహాలు సులభంగానే అర్థమవుతాయి.

“నాయనా! మొదట నీ కారు కమాను వలననే కుంగిందా అని పరీక్షించు. సమతలమైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిమి నుండి పైనున్న రెక్క అంచు వరకు రెండు ప్రక్కలా కొలువు. ఒక ప్రక్క మాత్రమే కుంగితే చట్రంలో తుప్పునూ, అరిగిన బుష్షులనూ కూడా అనుమానించు. షాక్ అబ్జార్బర్లు బరువు మోయవు, ఊగులాటను మాత్రమే అణచుతాయి. వాటిని మార్చితే ఎత్తు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు.

“రెండవది, కారు పేరును బట్టి కమాను కొనవద్దు. నీది మార్క్ 3. మార్క్ 4 నుండి వచ్చిన ఊగే కమాను వేరు. దానిని నీ కారుకు అమర్చదలిస్తే ముందున్న యాంటీ-రోల్ బారును కూడా దానికి తగినట్లు మార్చవలె. ఒకటి మార్చి రెండవది మరిస్తే పని సగమే అవుతుంది.

“మూడవది, పుదుపేట హెరాల్డు కమాను వద్దు. అన్నదమ్ములు ఒకే తల్లి బిడ్డలైనా ఒకరి చెప్పులు ఒకరికి సరిపోవు. హెరాల్డు వెనుక సీటులో మనుషులను, సామానును మోయడానికి పుట్టినది. ఆ కమానును ఇద్దరే ఎక్కే తేలికైన నీ కారుకు బిగిస్తే వెనుక భాగం లేచి నిలుస్తుంది. అప్పుడు నగరి మలుపులో మా నాన్నగారి కారు ఎలా ఉన్నదో నీ కారు అలా ఉంటుంది.

“నాలుగవది, పందెపు కమాను చెడ్డదని అనను. పందెం కారుకు గట్టి కమానుతో పాటు ఎత్తును కూడా తగ్గిస్తారు, షాక్ అబ్జార్బర్లు మార్చుతారు, నున్నని బాట మీద నడుపుతారు. నీవు సెలవు నాడు బిడ్డను కూర్చోబెట్టుకొని గ్రామాల మీదుగా నడిపేవాడివి. గతుకులో చక్రం నేల విడిచి ఎగిరితే గట్టిదనం నీకు దేనికి?

“అయిదవది, పాత కమానునే కొలిమిలో కాల్చి వంపు దిద్దించవచ్చునా అని అడుగుతావేమో. ఉక్కును కాల్చి వంచిన తరువాత మరల సరియైన వేడిమికి తెచ్చి, చల్లార్చి, పదును నిలపవలె. అది తెలిసి చేసేవారి దగ్గరైతే మంచిదే. మంటలో ఎర్రగా కాల్చి వంచి, పదును పట్టించక ఇచ్చేవారి దగ్గరైతే కొద్ది మాసాలలో మరల కుంగుతుంది.

“కావున నీ కారు పుట్టిననాటి కొలతలతో, అదే గట్టిదనంతో చేసిన కొత్త కమానునే కొను. కొనేటప్పుడు ఎంత బరువు పెడితే ఎంత ఎత్తున నిలుస్తుందని అమ్మేవారిని అడుగు. జవాబు చెప్పగలవారి దగ్గరనే కొను. బిగించేటప్పుడు, కారు జాకీల మీద చక్రాలు వ్రేలాడుతుండగా కమాను కొనల బోల్టులను బిగించకు. చక్రాలు నేల మీద ఆనించి, సీట్లలో మనుషుల బరువు పెట్టి, ముందుకు వెనుకకు కొంచెం దొర్లించి, అప్పుడు బిగించు. లేకపోతే రబ్బరు బుష్షులు మెలిబడి త్వరగా తెగిపోతాయి. కొత్త కమాను మొదట ఎత్తుగానే ఉంటుంది. అది సర్దుకొనే వరకు మలుపులలో నెమ్మదిగా నడుపు; మలుపు మధ్య యాక్సిలరేటరు వదలకు, మలుపుకు ముందే వేగం తగ్గించు. కొన్ని వారాల తరువాత మరల కొలిచి చూడు. అప్పటి వరకు అమ్మాయిని ప్రక్కన కూర్చోబెట్టుకోకు.”

అతడు పాత కొలతల కమానునే కొన్నాడు. బిగించిన నాడు వెనుక భాగం లేచి ఉండడం చూసి, “టీచర్‌గారూ! మోసపోయానేమో” అని ఆదుర్దాతో వ్రాశాడు. ఓపిక పట్టమన్నాను. ఆరు వారాల తరువాత కొలతలు వ్రాసి పంపాడు. కారు తన ఎత్తుకు దిగింది. ఇప్పుడు అతని కుమార్తె ప్రక్క సీటులో కూర్చొని తిరుగుతున్నది. ఆ ఛాయాచిత్రం నా బల్ల మీద ఉన్నది. సభ అనంతరం కోరినవారికి చూపుతాను.

ఇంతసేపు కమాను మాట విన్న మీరు, ఇది జూబిలీ సభకు ఎందుకు తెచ్చావమ్మా అని అడగవచ్చు. కొన్నేళ్ళుగా మన బడిలో పిల్లల సంఖ్య తగ్గుతున్నది. దాచి లాభం లేదు. తెలుగు మాతృభాషగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఈ పట్నంలో ఉన్నా, తెలుగులో చదివించేవారు తక్కువవుతున్నారు. కమిటీ సమావేశాలలో నాకు వచ్చే సలహాలన్నీ ఇంచుమించు ఒకటే: మరొక సబ్జెక్టు పెట్టండి, సాయంత్రం మరొక గంట తరగతి పెట్టండి, వారానికి మరొక పరీక్ష పెట్టండి. మంచి ఉద్దేశంతోనే చెబుతున్నారు. నాన్నగారి కారుకు పట్టీ ఎక్కించినవారి ఉద్దేశం కూడా మంచిదే.

బడి కారు వంటిది కాదని నాకు తెలుసు. అయినా ముందు కొలవాలనే నియమం రెండింటికీ ఒకటే. కాబట్టి ఈ సంవత్సరం మేము కొత్తది ఏదీ చేర్చకముందు, 3వ తరగతి నుండి 5వ తరగతి వరకు ప్రతి బిడ్డనూ విడిగా కూర్చోబెట్టుకొని, ఒక పేజీ చదివించి, ఒక లెక్క చేయించి చూశాము. పిల్లల గ్రహణశక్తి ఎక్కడా తగ్గలేదు. తగ్గినది ఇంట తెలుగు పుస్తకం చేతబట్టే అలవాటు. అనగా, ఉక్కు పాతదే; వంపు సడలింది. దానికి సాయంత్రపు అదనపు తరగతి మందు కాదు. ప్రతి బిడ్డ చేతికి వారానికి ఒక పుస్తకం, ఇంట దానిని చదివించి వినే పెద్దవారు ఒకరు, ఇది నా ప్రతిపాదన. మేము కొలిచిన కొలతలన్నీ వచ్చే తలిదండ్రుల సభలో మీ ముందు ఉంచుతాను. అవి చూసిన తరువాత కూడా మరొక పట్టీ కావాలని మీరంటే, తప్పక చర్చిద్దాం. అయితే ఆ నాడు నేను మా నాన్నగారు అడగని ప్రశ్నను తప్పక అడుగుతాను: బరువు మోయడం సరే, ఆ పట్టీ పిల్లవాణ్ణి మలుపులో ఏం చేస్తుంది?